బెంగళూరు జోనింగ్ మ్యాపు పీడీఎఫ్‌గా కాకుండా డేటాగా ఎక్కడైనా దొరుకుతుందా?

మదనపల్లె_మనోడు:

అందరికీ నమస్కారం. ఇక్కడ మ్యాపుల పని తెలిసినవాళ్ళూ, ప్లానింగ్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళూ ఉన్నారని విని అడుగుతున్నా. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

మా బావ సర్జాపుర ఊరు దాటాక అత్తిబెలె వైపు ఒక 30 బై 40 సైటు చూశాడు. బ్రోకరు వాట్సాప్‌లో ఒక మ్యాపు ముక్క పంపించి "ఎల్లో జోన్ సార్, ధైర్యంగా కొనుక్కోండి" అన్నాడట. ఎల్లో జోన్ అంటే ఇళ్ళకి కేటాయించిన చోటని. ముక్కలో పసుపు రంగు ఉన్నమాట నిజమే. కానీ అది ఏ మ్యాపు, ఏ సంవత్సరానిది, సర్వే నంబరు ఎంత, ఏమీ లేదు. దాని మీద ఎవరో వేలితో చుట్టిన ఎర్ర సున్నా ఒకటి, అంతే. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఇంట్లో అందరూ "నువ్వు చూసి చెప్పరా" అని నా నెత్తిన పెట్టారు. వాళ్ళ లెక్కలో కంప్యూటర్ తెలిస్తే ఇది కూడా తెలియాలి.

సరేనని కూర్చున్నా. బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ) వాళ్ళ రివైజ్డ్ మాస్టర్ ప్లాన్ 2015 (ఆర్‌ఎంపీ), అంటే ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే ప్లాను, ఒకటుందనీ, 2007లో ఆమోదించారనీ, పేరులో ఉన్న సంవత్సరం దాటి ఇన్నేళ్ళయినా ఇంకా అదే నడుస్తోందనీ తెలిసింది. ప్లానింగ్ డిస్ట్రిక్ట్ ఒక్కోదానికి ఒక్కో పీడీఎఫ్ షీటు. జూమ్ చేస్తే రంగులు కనిపిస్తాయి, అక్కడక్కడా ఊరి పేర్లు కనిపిస్తాయి. ఒక చుక్క మీద నొక్కి "ఇది ఏ జోను" అని అడిగే వీలు మాత్రం లేదు. ఇంత పెద్ద ఐటీ ఊళ్ళో ఇదేంటో నాకర్థం కాలేదు.

ఇంకో గొడవ కూడా ఉంది. మేము హెచ్‌ఎస్‌ఆర్ దగ్గర అద్దెకుంటున్న వీధిలో 30 అడుగుల రోడ్డు మీద వరుసగా పీజీలు లేస్తున్నాయి. ఇది రెసిడెన్షియల్ మెయినా (ప్రధానంగా ఇళ్ళకే), మిక్స్‌డా (ఇళ్ళతో పాటు ఇతర వాడకాలకీ) అని అసోసియేషన్ గ్రూపులో రోజూ కొట్లాట. ఎవరి ఫోన్లో వాళ్ళకి నచ్చిన స్క్రీన్‌షాట్. ఒక ప్లానింగ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "షీటు జెరాక్స్ కావాలంటే రండి, సాఫ్ట్ కాపీ ఇవ్వం" అని పెట్టేశారు.

నాకు కావలసింది షేప్‌ఫైలో, కేఎంఎల్లో, మ్యాపుని డేటాగా ఉంచే ఫైలు ఏదో ఒకటి. జోనింగ్, సర్వే నంబర్లు, చెరువులు, రాజకాలువెలు (వాననీటి పెద్ద కాలువలు) ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. అది ఎక్కడైనా ఉందా? లేకపోతే నేనే చేసుకుంటే తప్పవుతుందా? అడిగి తీసుకునే హక్కు మనకి ఉందా లేదా?


పటాలపిచ్చి:

మనోడా, రా రా, ఈ గుంపులో ఇంకొకడు తగ్గాడనుకున్నాం.

రెడీమేడ్‌గా ఎవరో ఇస్తారని చూడకు, ఇక్కడ మేమంతా షీట్లు తీసుకుని చేత్తో చేసుకున్నవాళ్ళమే. ముందు నీ పీడీఎఫ్‌ను 800 శాతం జూమ్ చెయ్. గీతల అంచులు పదునుగా ఉంటే అది వెక్టర్ (గీతలుగా దాచిన ఫైలు), నీ అదృష్టం, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రంగు రంగుకీ ముక్కలు విడిగా వస్తాయి. అంచులు మసకగా మెట్లుమెట్లుగా కనిపిస్తే అది బొమ్మ. ఇక మౌస్ పట్టుకుని గీయడమే, భుజం పోతుంది.

తర్వాత క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్స్ చెయ్యాలి, అంటే షీటుని భూమి మీద దాని అసలు చోట కూర్చోబెట్టాలి. బెంగళూరుకి కోఆర్డినేట్ పద్ధతి యూటీఎం 43 నార్త్ పెట్టుకో. షీటునీ నేలనీ జత కలిపే కంట్రోల్ పాయింట్లకి రైల్వే గేట్లు, చెరువు కట్ట చివర్లు, పాత ఊరి జంక్షన్లు తీసుకో. ఫ్లైఓవర్లు, కొత్తగా వెడల్పు చేసిన రోడ్లు తీసుకోవద్దు, అవి షీటు గీసినప్పుడు ఉన్నచోట ఇప్పుడు లేవు. నాలుగు మూలలకే పెట్టి వదిలెయ్యకుండా మధ్యలో కూడా బాగా చల్లు.

ఇంత చేశాక కూడా పది, ఇరవై మీటర్లు పక్కకి జరగడం మామూలే. ఇప్పుడు లెక్క వేసుకో, 30 బై 40 అంటే సుమారు 9 మీటర్లు బై 12 మీటర్లు. అంటే నీ మ్యాపులో తప్పు మీ బావ సైటు కన్నా పెద్దది. వీధి ఏ రంగులో ఉందో చెప్పడానికి, ఊరు మొత్తం మీద ఎంత పచ్చరంగు మిగిలిందో చూడడానికి ఇది భేషుగ్గా పనికొస్తుంది. రెండు రంగుల సరిహద్దులో ఉన్న సైటు ఇటా అటా అని తేల్చడానికి పనికిరాదు. ఎవడైనా "నా యాప్‌లో కచ్చితంగా చూపిస్తుంది" అని అమ్ముతుంటే వాడికి కూడా ఈ లెక్క చెప్పు.

సర్వే నంబర్లకి దిశాంక్ యాప్ ఉంది, కర్ణాటక రిమోట్ సెన్సింగ్ వాళ్ళది. సైటులో నిలబడి తెరిస్తే కింద ఉన్న సర్వే నంబరు చూపిస్తుంది. అది కూడా గ్రామపటాన్ని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టిందే కాబట్టి గట్ల దగ్గర కొంచెం అటూ ఇటూ అవుతుంది. గ్రామపటాలు విడిగా ల్యాండ్ రికార్డ్స్ సైటులో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇవి బంగారం. ఎందుకంటే మాస్టర్ ప్లాన్ షీటులో కనపడని చిన్న కాలువలు వీటిలో ఉంటాయి. ఆర్‌ఎంపీ 2015 ప్రకారం చెరువుకి 30 మీటర్లు, కాలువ మధ్యగీత నుంచి ప్రైమరీ అయితే 50, సెకండరీ 25, టెర్షియరీ 15 మీటర్లు వదలాలి. 2016లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెరువుకి 75 మీటర్లు అని పెంచింది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మళ్ళీ పాత అంకెలే వచ్చాయి. అంకెలు ఏవైనా సరే, కాలువ గీత నీ దగ్గర డేటాగా ఉంటేనే బఫర్, అంటే ఈ వదలాల్సిన మేర, గీయగలవు. రంగుల బొమ్మ మీద బఫర్ గీయలేవు కదా. అపార్ట్‌మెంటు కట్టేశాక నోటీసు వస్తే "మ్యాపులో కాలువ లేదండీ" అని జనం అరిచేది అందుకే.

తప్పవుతుందా అన్నావు. అవ్వదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన జియోస్పేషియల్ గైడ్‌లైన్స్ తర్వాత మనవాళ్ళు మ్యాపులు చేసుకోవడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదు. నువ్వు చేసింది "అధికారికం" అని రాసుకోకు, అంతే. ఓపెన్‌సిటీ పోర్టల్‌లో బెంగళూరు ప్లాను పత్రాలు, వార్డు సరిహద్దులు చాలావరకు ఒకచోట పెట్టారు, డేటామీట్ (డేటా మీద పనిచేసే బృందం) వాళ్ళ దగ్గర కూడా వార్డు మ్యాపులున్నాయి. మొదలెట్టే ముందు అక్కడ చూసుకో, చేసిన పనే మళ్ళీ చేయకుండా.

కడుపుమంట మాట ఒకటి చెప్పి ఆపేస్తా. ఆర్‌ఎంపీ 2015 గీసిందే జీఐఎస్‌లో (కంప్యూటర్ మ్యాపు వ్యవస్థలో). పొరలు పొరలుగా ఉన్న డేటాని బొమ్మగా మార్చి మనకిచ్చారు, మనం ఆ బొమ్మ మీద కూర్చుని మళ్ళీ పొరలు తీస్తున్నాం. న్యూయార్క్ వాళ్ళు ప్లూటో అని ప్రతి స్థలానికీ జోను, వాడకం, కట్టడం వివరాలున్న డేటా మొత్తం పెడతారు. దాన్ని కూడా ఒకప్పుడు అమ్మేవాళ్ళు, 2013 నుంచి ఉచితం చేశారు. చేయాలనుకుంటే అయ్యే పనే.


గీతలపని:

నేను ఆర్కిటెక్ట్ ఆఫీసులో ప్లాన్ శాంక్షన్ ఫైళ్ళు చూస్తాను. పటాలపిచ్చి చెప్పిందంతా సరే గానీ, మనోడు గారూ, అసలు మీరు తప్పు పటం దగ్గర కూర్చున్నారు.

సర్జాపుర దాటాక అంటే ఆనేకల్ తాలూకా. అక్కడికి బీడీఏ ఆర్‌ఎంపీ 2015 రాదు, అది ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ కింద, వాళ్ళ మాస్టర్ ప్లాన్ వేరే. ఊరి చుట్టూ ఇలాంటివి చాలా ఉన్నాయి. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు వైపు ఒకటి, హొసకోటెకి ఒకటి, నెలమంగలకి ఒకటి, నైస్ రోడ్డు వెంబడి ఇంకొకటి. కాబట్టి మొదటి ప్రశ్న "ఏ రంగు" కాదు, "ఏ అథారిటీ". బ్రోకరు పంపిన ముక్క ఎక్కడిదో కూడా అడగండి. ప్రతి ప్లానుకీ ఇప్పుడున్న వాడకం షీటు వేరే, ప్రతిపాదిత వాడకం షీటు వేరే ఉంటాయి, రెండిట్లోనూ పసుపే ఇళ్ళు. ఇవి చాలక 2017లో విడుదల చేసిన ఆర్‌ఎంపీ 2031 ముసాయిదా మ్యాపులు ఇప్పటికీ వాట్సాపుల్లో తిరుగుతున్నాయి. ఆ ముసాయిదాని 2020లో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. దానికి విలువ లేదు, కానీ రంగులు మాత్రం చాలా బాగుంటాయి, బ్రోకర్లకి అందుకే ఇష్టం.

ఇంకో సంగతి, పసుపు అంటే ఇల్లు కట్టుకోవచ్చని కాదు. మాస్టర్ ప్లాన్‌లో పసుపు ఉన్నా, పహణిలో (భూమి రికార్డులో) అది వ్యవసాయ భూమిగా ఉంటే ల్యాండ్ రెవెన్యూ యాక్ట్ 95వ సెక్షన్ కింద కన్వర్షన్ (వ్యవసాయేతర వాడకానికి మార్పు) అయ్యుండాలి. డీసీ కన్వర్షన్ అంటారే, అది. కన్వర్షన్ అయ్యాక లేఅవుట్‌కి ప్లానింగ్ అథారిటీ ఆమోదం ఉండాలి. అది లేకుండా గుంటల లెక్కన ముక్కలు కోసి అమ్మితే రెవెన్యూ సైటు. రిజిస్ట్రేషన్ అయినా ఖాతా (ఆస్తి పన్ను నమోదు) దగ్గరా బ్యాంకు లోను దగ్గరా ఇరుక్కుంటారు. జోను, కన్వర్షన్, లేఅవుట్ మూడూ వేర్వేరు కాగితాలు, మూడూ వేర్వేరు చోట్ల ఉంటాయి. బ్రోకరు ఒకటి చూపించి మూడూ ఉన్నట్టు మాట్లాడతాడు.

ఇక మీ పీజీల గొడవ. మ్యాపు సగమే, మిగతా సగం జోనల్ రెగ్యులేషన్స్ పుస్తకంలో ఉంటుంది. రెసిడెన్షియల్ మెయిన్ అని తేలినా సరే, అక్కడ ఏ వాడకం ఎంతవరకు ఒప్పుకుంటారన్నది ముందున్న రోడ్డు వెడల్పు మీద, స్థలం సైజు మీద ఆధారపడుతుంది. ఒకే రంగులో పక్కపక్క వీధులకి వేరే జవాబు రావచ్చు. మీ గ్రూపులో కొట్లాడుకుంటున్న ఇద్దరూ రోడ్డు వెడల్పు కొలిచారా?

అందరూ మర్చిపోయేది మాత్రం ఇదీ. ఆ పీడీఎఫ్ 2007 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ యాక్ట్ 14ఏ సెక్షన్ కింద భూవినియోగ మార్పులు జరుగుతూనే ఉన్నాయి. ఒకరు దరఖాస్తు పెట్టుకుంటారు, పేపర్లో ప్రకటన వేస్తారు, అభ్యంతరాలు అడుగుతారు, ఆర్డరు వస్తుంది. ఆ ఆర్డరు ఒక ఫైల్లో ఉంటుంది. షీటులో రంగు మారదు. మీరు ఎంత కష్టపడి షేప్‌ఫైలు చేసుకున్నా అది 2007 నాటి బొమ్మే అవుతుంది. ఇండస్ట్రియల్ అనుకున్న చోట అపార్ట్‌మెంట్లకి ఆర్డరు ఉండొచ్చు. అందుకే మా ఆఫీసులో మ్యాపు చూసి ఎవరికీ మాట ఇవ్వం. సర్వే నంబరు, గ్రామపటం పెట్టి అథారిటీ నుంచి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోమంటాం. మీ బావగారికి కూడా అదే మాట. ఆ కాగితం చేతికొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దనండి.


మదనపల్లె_మనోడు:

గీతలపని గారూ, దండాలు. మా బావకి ఆనేకల్ సంగతి చెప్పా, బ్రోకరుని ఏ అథారిటీ అని అడిగితే "అంతా బెంగళూరే కదా సార్" అన్నాడట.

అయితే 14ఏ మార్పుల జాబితా ఎక్కడైనా పబ్లిక్‌లో ఉందా? అది లేకుండా మ్యాపు ఇచ్చినా లాభం లేదన్నమాటే కదా?


బొమ్మనహళ్ళి_భాగ్య:

అందరూ డేటా డేటా అంటున్నారు, నేనొక చేదు మాట అంటా, ఏమనుకోకండి. ఇదంతా తెరిచి పెడితే ముందు వాడుకునేది ఎవరు? ఊరు బయట పచ్చరంగు ఎక్కడుంది, పసుపు ఎక్కడ మొదలవుతుంది అని ఒక్క క్లిక్కుతో చూసుకుని పెద్ద బిల్డర్లు ఎకరాలకి ఎకరాలు లాగేస్తారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో రింగురోడ్డు వస్తుందన్న పుకారుకే ఎకరం ధర ఎక్కడికో పోయింది. మా మావయ్య మాత్రం దానికి ముందే అమ్మేసుకున్నాడు. పేపర్ చదవడం రాని రైతుకి కేఎంఎల్ ఫైలు ఇచ్చి ఏం చేసుకోమంటారు? పైగా సర్వే నంబరు పెడితే ఓనరు పేరు కూడా వచ్చేస్తోంది, దానితో ఎవరు ఎవరికి ఫోన్లు చేస్తున్నారో మీకు తెలుసా?


పటాలపిచ్చి:

భాగ్యక్కా, ఓనర్ల పేర్ల విషయంలో నీతోనే ఉన్నా. నేనడిగేది జోను గీతలు, కాలువలు, రోడ్డు ప్రతిపాదనలు. వాటిలో ఒక్క మనిషి పేరు కూడా ఉండదు. అవి ఊరికి సంబంధించిన నిర్ణయాలు, ఒకరి ఆస్తి వివరాలు కావు. పేర్లున్న పొరని కలపకుండానే ఇవి ఇవ్వొచ్చు.

బిల్డర్ల సంగతి అంటావా, వాళ్ళ దగ్గర ఈ డేటా ఎప్పుడో ఉందక్కా. జీతమిచ్చి కూర్చోబెట్టుకున్న మనుషులు ఇదే పని చేస్తుంటారు. పెరిఫెరల్ రింగ్ రోడ్డు చూడు. సుమారు 73 కిలోమీటర్లు, తుది నోటిఫికేషన్ 2007లో వచ్చింది, ఇప్పుడు బిజినెస్ కారిడార్ అని పేరు మార్చారు. ఆ గీత కింద పడ్డ రైతులు ఇన్నేళ్ళూ కట్టుకోలేకా అమ్ముకోలేకా ఉన్నారు. ఆ గీత ఎటు పోతుందో ఊళ్ళో పంచాయితీ గోడ మీద సర్వే నంబర్లతో అంటించి ఉంటే మీ మావయ్య లాంటివాళ్ళకి కనీసం బేరమాడే వీలుండేది. మూసిపెడితే నష్టపోయేది లేనివాడే.


బొమ్మనహళ్ళి_భాగ్య:

గోడ మీద అంటించమను, అది నేనూ ఒప్పుకుంటా. వెబ్‌సైటులో పెట్టేసి "అందరికీ తెలిపాం" అంటే ఒప్పుకోను.


మైలాపూర్_మామ:

చెన్నై నుంచి ఒక మాట. ఇక్కడ సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) వాళ్ళ వెబ్‌సైటు ఒకటుంది, గ్రామం ఎంచుకుని సర్వే నంబరు కొడితే రెండో మాస్టర్ ప్లాన్‌లో ఆ నంబరు ఏ జోనో చెబుతుంది. ప్రైమరీ రెసిడెన్షియల్, మిక్స్‌డ్ రెసిడెన్షియల్, ఇన్‌స్టిట్యూషనల్ అని. మీ పీడీఎఫ్‌ల కన్నా నయమే. ఇల్లు కొనేవాడికి మొదటి చూపుకి చాలు.

కానీ సంబరపడకండి. అడిగితే ఒక్కొక్క నంబరుకీ ఒక్కొక్క జవాబు, మొత్తం ఇవ్వమంటే లేదు. పల్లికరణై చుట్టుపక్కల చిత్తడి నేలలో ఎంత భాగానికి ఏ జోను పెట్టారో చూడాలంటే ఒక్కో నంబరూ కొట్టుకుంటూ కూర్చోవాలి. ప్లాన్ 2008లో వచ్చింది, ఆ తర్వాత పట్టాలు చీలి నంబర్లు పిల్లలు పెట్టాయి, కొత్త సబ్‌డివిజన్ నంబరు కొడితే దొరకదు, తల్లి నంబరు వెతుక్కోవాలి. సిటీ లోపలైతే టౌన్ సర్వేలో బ్లాకు, వార్డు లెక్కన వేరే నంబర్లు, పాత నంబరుతో జత చూసుకోవాలి. 2022లో మెట్రోపాలిటన్ ఏరియాని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కి పెంచారు. కొత్తగా కలిసిన ఊళ్ళు ఈ రెండో మాస్టర్ ప్లాన్ గీసినప్పుడు లెక్కలోనే లేవు.

పాత మ్యాపుని దాచుకోండి, అదే నా సలహా. ఎన్నూర్ క్రీక్ విషయంలో 1996 నాటి తీరప్రాంత మ్యాపు ఆర్టీఐతో బయటికొచ్చాకే, తర్వాతి మ్యాపులో ఆ నీటి ప్రాంతం ఎలా లేకుండా పోయిందో జనం పక్కపక్కన పెట్టి చూపించగలిగారు. కొత్త ప్లాను వచ్చిన రోజు పాతది వెబ్‌సైటు నుంచి మాయమవుతుంది. ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి తేదీతో సహా భద్రం చేసుకోండి.


రిటైర్డ్_రెడ్డి:

మనోడు నాయనా, చివరి ప్రశ్నకి ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. హక్కు ఉంది. కానీ అడిగే పద్ధతి ఉంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు బల్లకి అవతల కూర్చుని ఇలాంటి దరఖాస్తులు చూసినవాణ్ణి, ఎక్కడ వెనక్కి తిప్పుతారో తెలుసు.

సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) లో సమాచారం అంటే ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నది కూడా. 2(జె) లో దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలోనే పొందే హక్కు కూడా ఉంది. 7(9) ఇంకా ముఖ్యం. అడిగిన రూపంలోనే మామూలుగా ఇవ్వాలి, ఆఫీసు వనరులు విపరీతంగా ఖర్చయితేనో, రికార్డుకే ప్రమాదమైతేనో తప్ప. ఇక్కడ తెలివి ఏంటంటే, ఉన్న ఫైలు కాపీ ఇవ్వడం ఖర్చు కాదు, ఫైలుని జెరాక్సులుగా మార్చడమే ఖర్చు. ఆ మాట దరఖాస్తులో రాయకు, అప్పీలుకి దాచుకో.

చాలామంది చేసేదేమిటంటే "మాస్టర్ ప్లాన్ షేప్‌ఫైలు తయారు చేసి ఇవ్వండి" అని రాస్తారు. చేతిలో లేనిదాన్ని తయారు చేసి ఇవ్వాల్సిన బాధ్యత ఆఫీసుకి లేదు, ఒక్క ముక్కలో తోసేస్తారు. "ఎందుకు పెట్టలేదు" అని అడిగినా అంతే, ఎందుకు అన్నది సమాచారం కాదంటారు. కాబట్టి ముందు ఏముందో అడుగు. 4(1)(బి) లో పద్నాలుగో అంశం కింద, తమ దగ్గర ఎలక్ట్రానిక్ రూపంలో ఏ సమాచారం ఉందో ప్రతి కార్యాలయం తానే ప్రకటించాలి. ఆ జాబితా కాపీ అడుగు. అందులో "జీఐఎస్ డేటాబేస్" అన్న ముక్క కనిపిస్తే రెండో దరఖాస్తులో ఆ పేరుతోనే అడుగు. తన చేత్తో రాసిచ్చినదాన్ని లేదనడం ఎవరికైనా కష్టం.

14ఏ మార్పుల గురించి గీతలపని గారు చెప్పింది అసలైన సంగతి. మ్యాపు కన్నా ముందు దాన్నే అడగాలి. ఒకే ప్లానింగ్ డిస్ట్రిక్టుకి, ఒక తేదీ నుంచి ఒక తేదీకి, సర్వే నంబరు, గ్రామం, ఏ వాడకం నుంచి ఏ వాడకానికి, ఆర్డరు నంబరు, తేదీ. ఊరంతటికీ అడిగితే 7(9) చూపిస్తారు. ఒక డిస్ట్రిక్టుకి రిజిస్టరు ఉంటుంది, కాపీ ఇస్తారు. నీలాంటివాళ్ళు తలా ఒక డిస్ట్రిక్టు పంచుకుంటే ఊరంతా అవుతుంది.

కర్ణాటకలో ఇంకో మెలిక ఉంది. దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. ఫీజు 10 రూపాయలు. మ్యాపూ, 14ఏ జాబితా, మీ వీధి పీజీలూ ఒకే కాగితంలో కలిపితే మొదటి విషయానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు. విడివిడిగా వెయ్. 30 రోజులు చూడు, రాకపోతే 30 రోజుల లోపు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల లోపు కమిషన్‌కి. కమిషన్ దగ్గర ఆలస్యం అవుతుంది, అది చెప్పకుండా ఆశపెట్టను.


మదనపల్లె_మనోడు:

రెడ్డి గారూ, చాలా థ్యాంక్స్ అండీ. ఒక డ్రాఫ్ట్ రాశా, చూసి చెప్పండి.

"అయ్యా, ఆర్‌ఎంపీ 2015 అమలులోకి వచ్చిన తేదీ నుంచి ఈ రోజు వరకు, మా ప్లానింగ్ డిస్ట్రిక్టు పరిధిలో 14ఏ కింద ఆమోదించిన భూవినియోగ మార్పుల రిజిస్టరు కాపీ, గ్రామం, సర్వే నంబరు, పాత వాడకం, కొత్త వాడకం, ఆర్డరు నంబరు, తేదీ వివరాలతో, ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే అదే రూపంలో ఇవ్వగలరు. మా వీధిలో అక్రమంగా పీజీలు నడుస్తున్నందువల్ల, పౌరులకి పారదర్శకత అవసరం కాబట్టి ఈ సమాచారం కోరుతున్నాను."


రిటైర్డ్_రెడ్డి:

మొదటి వాక్యం బాగుంది. రెండోది మొత్తం కొట్టెయ్. కారణం చెప్పనక్కర్లేదని 6(2) లోనే ఉంది, చెప్పావంటే "ఫిర్యాదు" అని వేరే సెక్షనుకి తోస్తారు. "మా ప్లానింగ్ డిస్ట్రిక్టు" అని రాయకు, షీటు మీద ఉన్న నంబరూ పేరూ రాయి, లేకపోతే ఏ డిస్ట్రిక్టో స్పష్టంగా లేదని జవాబిస్తారు. "ఇవ్వగలరు" వద్దు, "ఇవ్వండి" చాలు.


గీతలపని:

ఒకటి కలపండి. "ఆమోదించిన" అని మాత్రమే అడిగితే పెండింగులో ఉన్నవి రావు. అభ్యంతరాలు పెట్టే అవకాశం ఉన్నది వాటి మీదే. వాటికి వేరే దరఖాస్తు వెయ్యండి, పేపర్ ప్రకటనల కాపీలు కూడా అందులోనే అడగండి.


పటాలపిచ్చి:

జాబితా స్కాన్ చేసిన కన్నడ కాగితాలుగా వస్తుంది, ముందే చెబుతున్నా. టైపు చేయడానికి మనిషికి ఇరవై పేజీలు పంచుకుందాం. కన్నడ చదవడం వచ్చినవాళ్ళు ఎవరెవరో ఇక్కడ చెప్పండి.


బొమ్మనహళ్ళి_భాగ్య:

నాకు వచ్చు. నా వాటా పంపండి.